గొర్రె వాసన కొట్టిన చొక్కా

బరంపురం బడాబజారులో ఇంజను నూనెలూ, గ్రీజులూ, ఇనుముకి వేసే రంగులూ అమ్మే వైకుంఠరావుకి ఉన్న ఆస్తులు రెండు. ఒకటి తాతగారు వదిలి వెళ్లిన దుకాణం, రెండోది తండ్రిగారు వదిలి వెళ్లిన ముక్కు. దుకాణం సంగతి అలా ఉంచండి, అలాంటివి ఆ వీధిలో ఇంకో ఆరున్నాయి. ముక్కు మాత్రం అదొక్కటే.

నూనె అనేది ఉత్తదైతే వట్టి జిడ్డు. దాన్ని గేరు పెట్టెలో పోసేదిగానో, తుప్పు ఆపేదిగానో మార్చేది అందులో కలిపే మందు. కంపెనీల వాళ్లు అడిటివ్ అంటారు, బజారులో మాత్రం అందరూ మందే అంటారు. వైకుంఠరావు ఆ మందులు డ్రమ్ముల్లో తెప్పించి, నూనె గోరువెచ్చగా కాచి, తన చేత్తోనే కలిపి, ఇరవై లీటర్ల డబ్బాల్లో పోసి అమ్ముతాడు. మార్కండి జాలరులకి పడవల గేరు నూనె. హుమ్మ ఉప్పుమళ్ల వాళ్లకి పంపుల మీదా మోటార్ల మీదా పూసుకునే తుప్పు నూనె. ఉప్పుగాలికి మేకు కూడా ఏడాది బతకని ఊళ్లు అవి, అక్కడి వాళ్లకి ఈయన నూనె బియ్యంతో సమానం.

డబ్బా అప్పగించే ముందు ఒక తంతు ఉంది. మూత తీసి, బొటనవేలు ముంచి, చూపుడువేలితో రెండుసార్లు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి "హెలా" అంటాడు. ఒడియాలో అయిందని అర్థం. తెలుగువాడైనా, ఒడియావాడైనా ఆ మాట పడ్డాకే డబ్బా ఎత్తుతాడు. సీలు చూసేవాడు లేడు, కాగితం అడిగేవాడు లేడు. డ్రమ్ముల మీద మందుల పేర్లు కూడా ఉండవు. అంటించిన కాగితాలు చెమ్మకి ఊడిపోతే మళ్లీ అంటించనివ్వడు. కొబ్బరికాయ మీద కొబ్బరికాయ అని రాసుకుంటామా అని ఆయన వాదన.

అలాంటి ముక్కు కిందటి భాద్రపదంలో పోయింది. పది రోజులు జ్వరం వచ్చింది, తగ్గింది, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. ఈ సంగతి వైకుంఠరావు ఎవరికీ చెప్పలేదు. అంకులి పేటలో ఆయనతో ఒకే కప్పు కింద నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న వరలక్ష్మికి కూడా చెప్పలేదు.

వరలక్ష్మికి మూడో రోజునే తెలిసిపోయింది. పొయ్యి మీద ఉప్మా మాడి ఇల్లంతా పొగ వాసన కమ్ముకుంటే, వంటింటి గుమ్మం పక్కనే కూర్చున్న మనిషి పేపరులోంచి తల ఎత్తలేదు. మామూలు రోజుల్లో పోపులో ఆవాలు ఒక్క క్షణం ఎక్కువ వేగినా వీధిలోంచి అరిచే మనిషి. అనుమానం తీర్చుకోవడానికి ఆవిడ మర్నాడు ఒక మొగలిపూవు కొని ఆయన తలగడ కింద పెట్టింది. మొగలి అత్తరుకి పేరుపడ్డ గంజాం జిల్లాలో మొగలిపూవు తలగడ కింద ఉండగా తెలియకుండా నిద్రపోయే మనిషి ఉంటాడా? వైకుంఠరావు హాయిగా గుర్రుపెట్టాడు. వరలక్ష్మి మాత్రం ఆ పూవు తీసి పెరట్లో పారేసి, నూతి పళ్లెం మీద కూర్చుని కాసేపు ఏడ్చింది.

ఏడ్చింది కానీ నోరు మెదపలేదు. ఆయనకి పేరు, మర్యాద, నలుగురిలో కుర్చీ, అన్నీ ఆ ముక్కుతో వచ్చినవే. దాచుకుంటున్నాడంటే సిగ్గుపడుతున్నాడనే కదా. సిగ్గుపడే మనిషి కప్పుకున్న గుడ్డ లాగెయ్యడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. పైగా ఆవిడకి ఇంకో ధైర్యం ఉంది. అది చొక్కా.

పెళ్లయిన కొత్తలో మొగుడి చొక్కాలు నానబెట్టాలంటే వరలక్ష్మికి కడుపులో దేవేది. పసుపు, కుంకుమ, బట్టల వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టిన పిల్ల, ఆ కంపు ఏం తట్టుకుంటుంది? రెండు నెలలకి అలవాటైంది. రెండేళ్లకి ఏ వాసన దేనిదో తెలిసింది. గేరు మందుది కాలిన అగ్గిపుల్లలూ కుళ్లిన ఉల్లిపాయా కలిసిన వాసన. తుప్పు మందు గొర్రెల ఉన్ని జిడ్డుతో చేస్తారు కాబట్టి అచ్చం వానలో తడిసిన గొర్రె వాసన. ఎర్ర రంగు పూత ముక్కుపుటాలు మండిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి దుకాణం మూసి భోజనానికి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి ఆయన కునుకు తీస్తే, ఆ చొక్కా చేతిలోకి తీసుకోగానే పొద్దుటి నుంచీ ఆయన ఏం చేశాడో ఆవిడకి తెలిసిపోయేది. ఏం కలిపాడు, ఎంత చెమట పట్టింది, ఎవరి మీద కోపం వచ్చి చేతులు చొక్కాకే తుడిచేశాడు, అన్నీ. ఆయన చెప్పేవాడు కాదు, ఆవిడ అడిగేది కాదు. చొక్కా చెప్పేది.

ముక్కు పోయాక ఆవిడ రోజూ చొక్కా మరింత జాగ్రత్తగా చూడడం మొదలుపెట్టింది. పుష్యంలో ఒకసారి, చైత్రంలో ఒకసారి, ఆయన చెప్పిన పనికీ చొక్కా చెప్పిన వాసనకీ పొత్తు కుదరలేదు. రెండుసార్లూ ఆవిడ దుకాణంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న పైడన్నకి ఫోను చేసి, గుట్టుగా ఆ డబ్బాలు వెనక్కి పెట్టించి మళ్లీ కలిపించింది. పైడన్న నోరు రాయి. పైగా వాసన పోయిన అయ్యగారి కోసం గేరు మందు డ్రమ్ము ఎప్పుడూ కుడి మూల, తుప్పు మందు డ్రమ్ము ఎప్పుడూ ఎడమ మూల ఉండేలా తనే చూసుకునేవాడు. అలా తొమ్మిది నెలలు గడిచాయి.

ఆ రోజు జూన్ పద్నాలుగు. సముద్రంలో చేపల వేట మీద ఉన్న నిషేధం అర్ధరాత్రితో తీరిపోతుంది, తెల్లవారుజామున పడవలన్నీ నీళ్లలోకి దిగుతాయి. మార్కండిలో ఇరవై ఏడు పడవలకి కావలసిన గేరు నూనె, తొమ్మిది డబ్బాలు, సాయంత్రం నాలుగింటికి మసేను వచ్చి పట్టుకెళ్లాలి. మసేను ఊరి పెద్ద, మూడు పడవల ఆసామి, తండ్రి కాలం నుంచీ ఈ దుకాణం తప్ప ఇంకో గుమ్మం ఎక్కనివాడు. పైడన్న మేనకోడలి పెళ్లికని ఇచ్ఛాపురం వెళ్లి రెండు రోజులైంది.

వైకుంఠరావు భోజనం చేస్తూ, పొద్దుటి నుంచీ మార్కండి డబ్బాలతోనే సరిపోయిందనీ, ఒక్కడే కలిపేసరికి నడుం పడిపోయిందనీ చెప్పాడు. ఎవడో కూలివాడు నిన్న కొత్త డ్రమ్ములు దింపి పోయాడని కూడా అన్నాడు. వరలక్ష్మి వింటూనే మజ్జిగ పోసింది. ఆయన మంచం ఎక్కాక చొక్కా తీసి నూతి దగ్గరికి వెళ్లింది. బకెట్లో ముంచబోతూ అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

తడిసిన గొర్రె.

ఇంకోసారి చూసింది. చంకల దగ్గర, జేబు దగ్గర, చేతులు తుడుచుకున్న అంచు దగ్గర. అగ్గిపుల్ల జాడ ఎక్కడా లేదు. కూలివాడు దింపిన డ్రమ్ములు మూలలు మారిపోయాయని ఆవిడకి అప్పుడర్థమైంది.  గేరు నూనెలో గేరు మందు లేకపోతే ఏమవుతుందో ఆయనే వెయ్యిసార్లు చెప్పాడు. పళ్లూ పళ్లూ ఒరుసుకుని, వేడెక్కి, నాలుగు వేటలు తిరిగేసరికి గేరు పట్టేస్తుంది. ఒడ్డున పట్టేస్తే మరమ్మతు. సముద్రం మీద, అందులోనూ జూన్ నెల గాలిలో పట్టేస్తే ఆ పడవలో వాళ్ల గతి ఏమిటి?

గడియారం మూడుంపావు చూపిస్తోంది. పైడన్న ఉంటే ఒక ఫోనుతో పోయేది. ఇప్పుడు లేపక తప్పదు. లేపితే తొమ్మిది నెలల గుట్టూ బయట పడక తప్పదు. మింగలేక కక్కలేక ఆవిడ ఆ చొక్కా పట్టుకుని మంచం పక్కన ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు. ఎంతో సేపు కాకపోవచ్చు.

"లెగండి. మార్కండి డబ్బాల్లో ఏ మందు కలిపినారు?"

ఇల్లేమైనా కాలిపోతోందా అని ఆయన కసురుకున్నాడు. గేరు మందు కాక ఇంకేం కలుపుతానన్నాడు. వరలక్ష్మి మాట్లాడకుండా చొక్కా ఆయన ఒళ్లో పెట్టింది. వైకుంఠరావు దాన్ని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, ఎన్నో ఏళ్ల అలవాటున కళ్లు మూసుకున్నాడు.  ఏమీ లేని చోట ఏదో వెతుక్కుంటున్న మొహం అది.

"గేరు మందే," అన్నాడు మొండిగా.

"అది గొర్రె వాసనండి. మీకు తెలవదు. భాద్రపదం కాడ్నుంచీ మీకు ఏ వాసనా తెలవదు."

 జన్మలో ఏ బట్టా మడతపెట్టి ఎరగని వైకుంఠరావు ఆ మురికి చొక్కాని నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచాడు. ఎవరెవరికి తెలుసని అడిగాడు. తనకీ, పైడన్నకీ అని ఆవిడ చెప్పింది. పుష్యంలో జరిగిందీ, చైత్రంలో జరిగిందీ కూడా దాచకుండా చెప్పేసింది. అప్పుడు వచ్చింది కోపం. తొమ్మిది నెలలు తనని కుర్చీలో బొమ్మలా కూర్చోబెట్టి ఇద్దరూ కలిసి నాటకం ఆడారా అన్నాడు. పనివాడికున్న పాటి విలువ తనకి లేకపోయిందా అన్నాడు. వరలక్ష్మి అంతా విని, ముందు దాచింది ఎవరని ఒక్క మాట అడిగింది. 

కాసేపటికి ఆయనే తగ్గాడు.

"నీకు సెప్తే నన్ను దుకాణం మానిపించేస్తావని భయమేసిందే," అన్నాడు.

వరలక్ష్మికి కోపం, జాలి, ప్రేమ మూడూ ఒకేసారి వచ్చాయి. ఈ మనిషి తనని చూసి భయపడ్డాడట. వాటి సంగతి తర్వాత చూసుకుందామని మింగేసి, అప్పటికప్పుడు అల్లుకున్న అబద్ధం ఆయనకి అప్పగించింది. కంపెనీ వాడే డ్రమ్ము తారుమారుగా పంపాడనీ, ఇప్పుడే ఫోను వచ్చిందనీ మసేనుతో చెప్తే సరిపోతుంది. ముక్కు ఊసు రానక్కర్లేదు. ఆయన ఊఁ అని ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. ఆవిడ చెప్పులేసుకుని స్కూటరు వెనక కూర్చుంది. నలభై ఏళ్లలో దీపావళి పూజకి తప్ప ఆవిడ ఆ దుకాణం గడప తొక్కింది లేదు.

వాళ్లు వెళ్లేసరికి మసేను ముందే వచ్చి కూర్చున్నాడు. అరుగు మీద పేర్చి ఉన్న డబ్బాల్లో ఆరు, హెలా అన్న మాట పడకముందే, ఆటోలోకి ఎక్కించేశాడు కూడా. తెల్లారితే పడవలు దిగాలి, ఊళ్లో అందరూ గేరు పెట్టెలు విప్పుకుని కూర్చున్నారని తొందరపడుతున్నాడు. ఆవిణ్ణి చూసి లేచి నిలబడి దండం పెట్టాడు. తర్వాత ఒక డబ్బా మూత తీసి, ఎప్పటిలాగే, వైకుంఠరావు ముందు పెట్టాడు.

అబద్ధం చెప్పవలసిన సమయం అదే. వరలక్ష్మి ఆయన మొహం వైపే చూస్తోంది. ఆయన డబ్బా వైపు చూస్తున్నాడు. బొటనవేలు ముంచలేదు.

"మసేనూ, దించెయ్. అది గేరు నూనె కాదు. తుప్పు మందు కలిపేసినాను," అన్నాడు. కాస్త ఆగి, "నా ముక్కు పోయింది. కిందటి భాద్రపదంలోనే పోయింది. నీకు హెలా అని సెప్పినదంతా ఉత్తుత్తినే సెప్పినాను," అన్నాడు.

ఎదురు దుకాణం వాడు విన్నాడు. ఆటోవాడు విన్నాడు. వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మసేను డబ్బా మూత మళ్లీ బిగించేశాడు. సముద్రం మీద బతికే మనిషి, ఒక మాట విన్నాక దాని వెనక ఏముందో చూసుకునే అలవాటు ఉన్నవాడు. తన పెద్ద కొడుకు మొదటి పడవలో వెళ్తున్నాడని పొద్దున్న వైకుంఠరావుకి ఫోనులో చెప్పింది ఇతనే.

"మరి మాఘంలో నాను అట్టుకెల్లిన ఆరు డబ్బాలో, సావుకారూ? అవి ఏటి?"

 వైకుంఠరావుకి నిజంగా తెలియదు. అరవై నాలుగేళ్ల మనిషి ఎండలో నిలబడి, చదువు రాని పిల్లాడిలా భార్య వైపు తిరిగాడు.

"అది గేరు మందే, మసేనూ," అంది వరలక్ష్మి. "ఆ వారం సొక్కా మూడు దపాలు ఉతికినా అగ్గిపుల్లల కంపు వదల్లేదు. నాకు బాగా గురుతు."

ఏ చొక్కా అని మసేను అడిగాడు. ఆవిడ చెప్పింది. సిగ్గుపడుతూ మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి కాస్త గర్వంగానే చెప్పింది. మసేను విని, ఆయన వైపోసారి, ఆవిడ వైపోసారి చూసి, ఆటోలోంచి డబ్బాలు తనే దించడం మొదలుపెట్టాడు. దించుతూ దించుతూ, అయితే అమ్మని చూసి చెప్పమనండి, ఎంత పొద్దుపోయినా ఉండి పట్టుకెళ్తానన్నాడు. ఆ డబ్బాలు హుమ్మ వాళ్లకి పనికొస్తాయని పక్కన పెట్టించి, వైకుంఠరావు కొత్తగా నూనె పొయ్యి మీద పెట్టాడు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. వరలక్ష్మి ధైర్యంగా డ్రమ్ము దగ్గరికి వెళ్లి వంగి పీల్చింది. కళ్లమ్మట నీళ్లు కారి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఇంకో డ్రమ్ము దగ్గరా అంతే. ఘాటు తప్ప ఏదీ తెలియలేదు. ఆవిడకి ప్రాణం చివుక్కుమంది. మొత్తం మార్కండి తన మీద ఆధారపడి కూర్చుంటే, తనకి తెలిసిన వాసన ఆ డ్రమ్ముల్లో లేనే లేదు. ఎందుకుంటుంది? ఆవిడ ఏనాడైనా డ్రమ్ము వాసన చూసిందా? నలభై ఏళ్లూ ఆవిడ చూసింది ఆయన ఒంటి చెమటలో కలిసి, నూలు గుడ్డలో ఇంకి, ఇంటికి వచ్చిన వాసన.

ఆయన్ని పక్కకి పిలిచి మెల్లిగా ఆ మాట చెప్పింది.

వైకుంఠరావు ఒక్క క్షణం ఆలోచించాడు. మొదటి డ్రమ్ములో వేలు ముంచి, తెల్ల చొక్కా గుండెల మీద అడ్డంగా రాసుకున్నాడు. వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

బడాబజారు నిండా జనం. వీధిలో మొగుడి పక్కన నడవాల్సి వస్తే నాలుగడుగులు వెనక నడిచే మనిషి వరలక్ష్మి. కొంగు భుజం మీద సర్దుకుని, ముందుకి వంగి, ఆయన ఛాతీ మీద ముక్కు ఆనించింది. మసేను మర్యాదగా ఆటో వైపు తిరిగాడు. ఎదురు దుకాణం వాడు మాత్రం తిరగలేదు.

"గొర్రె," అంది. "రెండోది రాయండి."

రెండోది రాశాడు. కాలిన అగ్గిపుల్లలు, కుళ్లిన ఉల్లిపాయ, వాటి అడుగున ఆయన. ఆవిడకి ఎంత నిశ్చింత కలిగిందంటే, అలాగే ఇంకో క్షణం ఉండిపోయింది. ఆయన గుండె గబగబా కొట్టుకోవడం ముక్కుకి తెలిసింది.

తర్వాత పని సాగింది. కొలపాత్రతో మందు పోసి, కలియబెట్టి, వేలు ముంచి చొక్కాకి రాసుకుని ఆయన ఆవిడ ముందుకి వచ్చేవాడు. ఎంత మందు పోయాలో తండ్రి పోయాక ఇంకెవరినీ నోరెత్తనివ్వని మనిషి.

"సాల్లేదు," అంది వరలక్ష్మి. "ఇంకొక్క గిద్దెడు."

వైకుంఠరావు వెళ్లి గిద్దెడు పోశాడు. చొక్కా మీద ఇంకో శుభ్రమైన చోటు చూసుకుని రాసుకుని మళ్లీ వచ్చి నిలబడ్డాడు. అలా ఒక్కో డబ్బా ఆటో ఎక్కింది. తొమ్మిదో డబ్బా దగ్గరికి వచ్చేసరికి ముందు వైపు చోటు లేకపోతే, వెనక్కి తిరిగి వీపు చూపించాడు.